మా అమ్మాయి సొరోరిటీ రష్‌కి వెళ్తానంటోంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

చుక్కలముగ్గు (ఫ్రిస్కో, టెక్సస్) · 19 జులై 2025

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఆగస్టులో కాలేజీలో చేరుతోంది. టెక్సస్‌లోనే, ఇంటినుంచి మూడు గంటల డ్రైవు. డార్మ్‌కి దుప్పట్లు, రైస్ కుక్కరు కొనే హడావిడిలో నేనుంటే నిన్న రాత్రి మెల్లగా బయటపెట్టింది. క్లాసులకి వారం ముందే వెళ్ళాలట, సొరోరిటీ (గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే ఆడపిల్లల సంఘం) వాళ్ళు కొత్త మెంబర్లని ఎంచుకునే రష్ ఉందట. సమ్మర్ జాబ్ డబ్బుతో రిజిస్ట్రేషన్ ఫీజు అప్పుడే కట్టేసింది కూడా. ఏ రోజు ఏ బట్టలో ఎక్సెల్ షీటు వేసుకుంది. నా పెళ్ళిచూపులకి మా అమ్మ ఒక్క చీరతో కానిచ్చేసింది, దీనికి రోజుకో డ్రెస్సట!

మా వారు "డబ్బు కట్టి మరీ పార్టీలకి పంపడమా?" అని టీవీ సౌండు పెంచేశారు. ఖర్చెంత, చదువు దెబ్బతింటుందా, తాగుడు సంగతేంటి, అసలు మన పిల్లల్ని తీసుకుంటారా? ఎవరి ఇంట్లో అయినా అనుభవం ఉంటే చెప్పండి.

హ్యూస్టన్ బావ · 19 జులై

ఆల్ఫా, బీటా అంటే క్వాడ్రాటిక్ ఈక్వేషన్ రూట్లని ఇంటర్ ఎంపీసీలో చెప్పారు. వాటికి సెమిస్టరుకోసారి చందా కట్టాలని ఇప్పుడే తెలిసింది.

జోకు పక్కన పెడితే, నేను ఎంఎస్ చేసేటప్పుడు మా అపార్ట్‌మెంటుకి ఎదురుగానే అలాంటి సంఘంవాళ్ళు కలిసి ఉండే ఇల్లొకటి ఉండేది. గురువారం సాయంత్రం మొదలైన డబడబ ఆదివారానికి గానీ ఆగేది కాదు. సోమవారం పొద్దున నేను బస్సుకి వెళ్తుంటే లాన్ నిండా ఎర్ర ప్లాస్టిక్ కప్పులు. వద్దని చెప్పండమ్మా, సింపుల్.

వేపచెట్టు (న్యూజెర్సీ) · 19 జులై

బావగారూ, మీరు చూసింది ఫ్రాటర్నిటీ, మగపిల్లలది. పాత పెద్ద సొరోరిటీల ఇళ్ళలోకి మందు రానివ్వరు. కాకపోతే దానివల్ల ఇంకో చిక్కుంది. ఇళ్ళలో మందు లేదు కాబట్టి పార్టీలన్నీ మగపిల్లల ఇంట్లోనే. తలుపు దగ్గర నిలబడేది వాళ్ళే, గ్లాసులో పోసేదీ వాళ్ళే. ఈ రూలు ఆడపిల్లల్ని కాపాడుతోందా, ఎవరి గడపలోనో నిలబెడుతోందా అని ఇక్కడ ఎప్పట్నుంచో వాదన నడుస్తూనే ఉంది. నాకు మాత్రం రెండోదే నిజమనిపిస్తుంది.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి కాస్త పాత కథ కూడా చెప్తా. ఇది మొదలైంది పార్టీల కోసం కాదు. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్ ఊళ్ళో, వెస్లియన్ అనే ఆడపిల్లల కాలేజీలో సాహిత్య సంఘంలా పుట్టింది మొదటిది. అబ్బాయిలతో కలిసి చదివే కాలేజీల్లో అడుగుపెట్టిన తొలితరం ఆడపిల్లలు, ఒకరికొకరు తోడుగా ఉండటానికి 1870ల్లో ఇలాంటివే పెట్టుకున్నారు. అప్పటికి సొరోరిటీ అనే మాటే వాడుకలో లేదు, వీటినీ ఫ్రాటర్నిటీలనే అనేవారు. తర్వాత సిరక్యూస్ యూనివర్సిటీలో ఒక లాటిన్ ప్రొఫెసరుగారు, అక్కచెల్లెళ్ళని పట్టుకుని అన్నదమ్ముల పేరేంటని ఈ మాట తెచ్చారు. లాటిన్‌లో సొరోర్ అంటే అక్కో చెల్లెలో.

అడ్మిన్ · 20 జులై

ఈ చర్చ బావుంది. ఒకటే మనవి: ఏ యూనివర్సిటీలో ఎవరికేం జరిగిందో చెప్పేటప్పుడు కాలేజీ పేరు, చాప్టర్ (ఆ కాలేజీలో ఉన్న సొరోరిటీ శాఖ) పేరు రాయకండి. పిల్లలు కూడా ఇక్కడికొచ్చి చదువుతున్నారు.

సోమవారం చాప్టర్ · 20 జులై

హాయ్ ఆంటీ! నేను జూనియర్, అంటే మూడో ఏడు, ఒక సొరోరిటీలో రెండేళ్ళుగా మెంబర్‌ని. నా తెలుగు వీక్. నేను చెప్తుంటే అమ్మ టైప్ చేస్తోంది, మధ్యమధ్యలో తిడుతోంది కూడా.

ఫస్ట్, మీ అమ్మాయి దగ్గర కొత్తగా చేరినవాళ్ళని ప్లెడ్జ్ అనకండి. ఇప్పుడు న్యూ మెంబర్ అంటున్నారు, బిడ్ (చేరమనే పిలుపు) రాకముందు పీఎన్ఎం, అంటే పొటెన్షియల్ న్యూ మెంబర్. వారంలో నాలుగు రౌండ్లు. మొదట అన్ని ఇళ్ళకీ వెళ్ళాలి, ఒక్కో ఇంట్లో అరగంట కూడా ఉండదు. తర్వాత ఛారిటీ పని గురించి చెప్పే రౌండ్, తర్వాత సిస్టర్‌హుడ్ రౌండ్, చివరిది ప్రిఫరెన్స్. ప్రతి రౌండ్ తర్వాత వాళ్ళు కొంతమందిని వదిలేస్తారు, మనమూ కొన్ని ఇళ్ళకి మార్కులు తగ్గిస్తాం. ప్రిఫరెన్స్ రోజు లైట్లు తగ్గించి, కొవ్వొత్తులు పెట్టి, సీనియర్లు ఏడుస్తూ స్పీచ్ ఇస్తారు. ఆ ఏడుపు నిజమే ఆంటీ, నేనూ ఏడ్చా.

లోపల మేం ఏం చేస్తామో ఎవరూ చెప్పరు. మీకంటే వారం ముందే మేమూ వచ్చి పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రాక్టీస్ చేస్తాం. తలుపు తీసి అరవడం, చప్పట్లు, ఒక అమ్మాయితో నేను మాట్లాడుతుంటే ఎన్ని నిమిషాలకి ఇంకో సిస్టర్ వచ్చి అందుకోవాలి, అన్నీ రిహార్సలే. మాట్లాడకూడనివి ఐదు: అబ్బాయిలు, మందు, మతం, డబ్బు, రాజకీయాలు. ఇంగ్లీషులో ఐదూ బీతోనే మొదలవుతాయి.

కౌన్సెలర్ అని ఒక అక్కని ఇస్తారు. ఆ వారం తను ఏ సొరోరిటీయో చెప్పదు, ఇన్‌స్టాలో ఫోటోలు కూడా తీసేస్తుంది. మీ అమ్మాయికి ఏ డౌట్ వచ్చినా తననే అడగమనండి.

హ్యూస్టన్ బావ · 20 జులై

అబ్బాయిలు, మందు, మతం, డబ్బు, రాజకీయాలు వద్దంటే మన తెలుగు గెట్‌టుగెదర్‌లో ఇంక మిగిలేది గోంగూర ఒక్కటే.

లెక్కల మాస్టారు (అట్లాంటా) · 20 జులై

మా పెద్దమ్మాయి నాలుగేళ్ళు సొరోరిటీలో ఉంది. చుక్కలముగ్గు గారూ, డబ్బు విషయం చెప్తాను వినండి. కాలేజీని బట్టి విపరీతంగా మారుతుంది, కాబట్టి మా అంకె మీకు పనికిరాదు. కానీ ఎందుకెందుకు కట్టాలో తెలిస్తే చాలు. మొదటి సెమిస్టరు ఎక్కువ: చందాతోపాటు న్యూ మెంబర్ ఫీజు, ఇనిషియేషన్ (పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే తంతు) ఫీజు, బ్యాడ్జి. బయట ఉంటున్నా వాళ్ళ ఇంట్లో భోజనానికి కొన్నిచోట్ల కట్టాల్సిందే. రెండో ఏడు ఆ ఇంట్లోనే ఉండాలనే నియమం ఉందేమో ముందే అడగండి. మేం అడగలేదు, అపార్ట్‌మెంట్ లీజు డిపాజిట్ పోయింది. బిల్లులో కనపడనివి ఇంకా ఉంటాయి. ప్రతి ఈవెంటుకీ ఒక టీషర్టు. మా ఇంట్లో ఇప్పటికీ కారు తుడిచే గుడ్డలన్నీ అవే. ఈవెంటుకి రాకపోతే జరిమానా. లిటిల్‌కి (కొత్త పిల్లకి) బిగ్ (తనకి అక్కలా ఉండే సీనియర్) ఇచ్చే కానుకల బుట్టలు, ఫార్మల్ డాన్సు పార్టీకి గౌను.

అన్నిటికంటే ముఖ్యమైంది సంతకం. ప్రిఫరెన్స్ అయ్యాక పిల్ల తన వరసక్రమం పెట్టి ఒక ఒప్పందం మీద సంతకం చేస్తుంది. మన ఎంసెట్ వెబ్ ఆప్షన్లే అనుకోండి, కాకపోతే ఇక్కడ సొరోరిటీ వైపు నుంచి కూడా ఒక లిస్టు ఉంటుంది, రెంటినీ కంప్యూటర్ కలుపుతుంది. తను రాసిన దాంట్లో ఏది వచ్చినా ఒప్పుకోవాలి. వచ్చాక వద్దంటే ఆ క్యాంపస్‌లో మళ్ళీ ఏడాది రష్ దాకా పాత పెద్ద సొరోరిటీలన్నీ కలిసి పెట్టుకున్న కూటమిలోని ఇంకే సొరోరిటీలోనూ చేరలేదు. ఒకసారి ఇనిషియేషన్ అయిపోయిందంటే ఇక జన్మలో ఆ కూటమిలో రెండోది లేదు. ఇష్టం లేని పేరు లిస్టులో రాయొద్దని పిల్లకి ముందే చెప్పండి. ఆ సంతకం ఏడుపు మొహాలతో, నిద్ర లేకుండా, ఆరో రోజు రాత్రి చేస్తారు.

కరీంనగర్ పిల్ల (ఆస్టిన్) · 21 జులై

అక్కా, ఇంకో తొవ్వ గూడ ఉన్నది, ఎవ్వరు జెప్తలేరు. నేను దేశీ సొరోరిటీల ఉంటి. కప్పా ఫై గామా, డెల్టా ఫై ఒమేగా, సిగ్మా సిగ్మా రో, మూడు గూడ 1998లనే పుట్టినయి. మొదటి రెండు మన టెక్సస్‌లనే, ఒకటి ఆస్టిన్ల, ఇంకోటి హ్యూస్టన్ల. అప్పటి దేశీ పిల్లలు ఆ పెద్ద ఇండ్లల్ల మమ్ముల ఎవ్వలు అర్థం చేస్కుంటరని సొంతంగ పెట్టుకున్నరు.

వీటికి పెద్ద ఇల్లు గిట్ల ఏం ఉండది, ఖర్సు తక్కువనే. గని టైం మస్తు గుంజుతది. మా లైన్ల, అంటే మా బ్యాచ్ల, మేం నలుగురమే. సంస్థ చరిత్రంత బట్టీ పట్టుడు, ఇంటర్ పరీక్షలకు గూడ గంత సదవలే. అంత అయినంక క్యాంపస్ నడుమ అందరి ముందట వరుసగ నిలవడి ఆడుడు, పాడుడు. గప్పుడే సొరోరిటీ పేరు అక్షరాలు బట్టల మీద ఏస్కునే హక్కు. మా అమ్మ ఆ వీడియో జూసి "బోనాలకు గూడ గింత సప్పుడు చెయ్యకపోతివి" అన్నది. గిప్పటికి పదేండ్లాయె, ఆ ముగ్గురు నా పెండ్లికి జగిత్యాల దాక వచ్చిన్రు.

అన్నీ మంచియే అనుకోకుండ్రి. చిన్న గుంపుల లొల్లి అయితే ఇగ తప్పించుకునే జాగ ఉండది.

కాకినాడ కాజా · 21 జులై

హేజింగ్ గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటండీ? మనకి ర్యాగింగ్ కొత్తా? మాది ఇంజనీరింగ్ 1993 బ్యాచ్. మొదటి మూడు నెలలు జేబులో దువ్వెన పెట్టుకోడానికి కూడా సీనియర్ పర్మిషన్ కావాలండి. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టం వచ్చింది, అప్పటికి మేం బయటపడ్డాం. ఇక్కడ ఫెడరల్ చట్టం రావడానికి 2024 డిసెంబర్ దాకా పట్టింది. ఇప్పుడు కాలేజీలు హేజింగ్ కేసులు ఏ సంఘంలో ఏం జరిగిందో జనానికి కనిపించేలా పెట్టాలి. మీ అమ్మాయి కాలేజీ వెబ్‌సైట్లో ఆ రిపోర్టు వెతకండి, పది నిమిషాల పని.

టెక్సస్‌లో ఇంకొకటి ఉందండి. పిల్ల ఒప్పుకునే చేసింది అన్నా సరే, హేజింగ్ హేజింగే, ఒప్పుకోలు సాకు కాదు. ఎవరైనా మందు ఎక్కువై పడిపోతే 911కి ముందుగా ఫోన్ చేసి, అక్కడే ఉండి, పోలీసులకి సహకరించిన 21 నిండని పిల్లల మీద తాగినందుకు కేసు పెట్టరు. ఇది పిల్లకి మటుకు బట్టీ పట్టించండి. భయపడి ఫోన్ చెయ్యకపోవడం వల్లే పిల్లలు పోతున్నారండి ఇక్కడ.

హెచ్4 తల్లి · 21 జులై

మాలాగా ఇంకా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళకి ఒక మాట. 21 లోపు తాగి పట్టుబడటం అమెరికన్ పిల్లకి తలనొప్పి, మన పిల్లకి వీసా సమస్య. తాగి కారు నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు ఏం తేల్చకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చెయ్యగలదు. మా అమ్మాయికి ఇది చెప్తే "అమ్మా, అందుకే ప్రతి పార్టీలో నేనే సోబర్ డ్రైవర్‌ని" అంది. హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకి పనిచేసే వీల్లేదు కాబట్టి చందా మొత్తం మన జేబులోంచే అని కూడా లెక్కేసుకోండి.

వేపచెట్టు · 22 జులై

మన పిల్లల్ని తీసుకుంటారా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. తీసుకుంటారు. కానీ చరిత్ర మర్చిపోకూడదు. అలబామా యూనివర్సిటీలో తెల్లవాళ్ళ సొరోరిటీలు నల్లజాతి అమ్మాయిల్ని కావాలనే పక్కన పెడుతున్నాయని విద్యార్థుల పత్రికే బయటపెట్టింది. అది 1963 కాదు, 2013! తలుపులు మూసి ఉన్నందుకే నల్లజాతి స్త్రీలు 1908లోనే హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్ అందులోనే చేరింది. వాళ్ళకి అది నాలుగేళ్ళ ముచ్చట కాదు, డెబ్భై ఏళ్ళు వచ్చినా మీటింగులకి వెళ్తారు.

హ్యూస్టన్ బావ · 22 జులై

అంటే రంగు చూసి, బట్టలు చూసి, ఇల్లు చూసి, ఐదు రోజులు చిరునవ్వు చూసి తీసుకుంటారు. మనం పెళ్ళిచూపులు వద్దని దేశం దాటొస్తే పిల్లలు వాటికి ఫీజు కట్టి వెళ్తున్నారు.

సోమవారం చాప్టర్ · 22 జులై

అంకుల్, అది నిజమే, కాదనను. కానీ నేను వచ్చిన కాలేజీలో ఫ్రెష్‌మన్ క్లాసుకి మూడొందల మంది. సెప్టెంబర్‌లో నాకు జ్వరం వస్తే రూమ్ దగ్గరికి సూప్ తెచ్చింది నా బిగ్. కాలిక్యులస్ క్లాస్‌మేట్స్‌కి నా పేరు కూడా తెలీదు. జీపీఏ తగ్గితే మా దగ్గర సోషల్ ఈవెంట్లు కట్, వారానికి ఇన్ని గంటలు లైబ్రరీలో కూర్చుని సైన్ చెయ్యాలి. మా అమ్మకి నచ్చిన ఒకే ఒక రూల్ అది.

చుక్కలముగ్గు · 9 ఆగస్టు

నిన్న వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఈరోజు దిగబెట్టి వచ్చాం. ఒక షరతు పెట్టుకున్నాం: మొదటి సెమిస్టరు ఖర్చు సగం తనది, సగం మాది, జీపీఏ 3.5 కన్నా తగ్గితే మానెయ్యాలి. మా వారు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "ఎవరిచ్చిన గ్లాసూ తాగకు" అన్నారు.

చుక్కలముగ్గు · 16 ఆగస్టు

తెల్లారకముందే ఫోన్. తనకి బాగా నచ్చిన రెండు ఇళ్ళూ వదిలేశాయట. ఏడుపు. "నాలో ఏం తక్కువమ్మా?" అంటోంది. నాకు ఏం చెప్పాలో తెలీలేదు, ఎందుకంటే ఒక సంబంధం వాళ్ళు నన్ను వద్దన్నప్పుడు మా అమ్మకి కూడా తెలీలేదు. ఇంటికొచ్చేస్తానంటోంది. కారేసుకుని వెళ్ళనా?

లెక్కల మాస్టారు · 16 ఆగస్టు

వెళ్ళకండి. ముందు అన్నం తిన్నదా అడగండి. ఆ వారంలో పిల్లలు తిండి మర్చిపోతారు. మధ్యలో మానేసే హక్కు ఎప్పుడూ ఉంది, సంతకం చేసేదాకా. తొందరేం లేదు.

సోమవారం చాప్టర్ · 16 ఆగస్టు

ఆంటీ, తన ముఖం చూసి కాదు అది. పెద్ద ఇళ్ళు ముందు రౌండ్లలోనే వందలమందిని వదలాలి, ఎంతమందిని పిలవాలో లెక్క పైనుంచి వస్తుంది. నేనూ నిన్న రాత్రి రెండుదాకా కూర్చుని మంచి అమ్మాయిల పేర్లు కొట్టేశా. చెప్పకూడదు గానీ చెప్తున్నా. మిగిలిన ఇళ్ళలో ఎక్కడ తను నవ్వటానికి ప్రయత్నం చెయ్యక్కర్లేదో అది ఒకటి చూసుకోమనండి.

కరీంనగర్ పిల్ల · 16 ఆగస్టు

గట్లనే ఏడ్వనియ్యుండ్రి అక్కా. దేశీ సొరోరిటీల ఇన్ఫో సెషన్లు సెప్టెంబర్ల ఉంటయి, ఏం మించిపోలే.

చుక్కలముగ్గు · 19 ఆగస్టు

వెళ్ళలేదు. ఉప్మా చేసి ఫ్రీజ్ చేద్దామా అన్నంత పిచ్చి పట్టింది గానీ వెళ్ళలేదు. చివరికి రెండు ఇళ్ళు మిగిలితే ఒక్కదాని పేరే రాసిందట. అదే వచ్చింది. నిన్న బిడ్ డే. కవరు విప్పి, అరుస్తూ వీధి వెంట పరుగెత్తడం వీడియో పంపింది. ఎండ 100 డిగ్రీలు. మా వారు ఏడుసార్లు చూసి "ఈ పరుగేదో స్కూల్లో పీఈ పీరియడ్లో పరిగెడితే బావుండేది" అన్నారు.

హ్యూస్టన్ బావ · 19 ఆగస్టు

శుభాకాంక్షలమ్మా. చందా ఎంతో చెప్పలేదు?

చుక్కలముగ్గు · 19 ఆగస్టు

చెప్పను బావగారూ. మీకు బీపీ పెరుగుతుంది.

చుక్కలముగ్గు · 12 అక్టోబర్

చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నా. మిడ్‌టర్మ్‌లో కెమిస్ట్రీ బి. ఇప్పటికి రెండు మిక్సర్లకి (ఫ్రాటర్నిటీవాళ్ళతో కలిసి చేసే పార్టీలకి) వెళ్ళి, మూడోదానికి తనే మానేసింది, "ఒకటే పాట, ఒకటే చెమట వాసన" అట. జరిమానా 25 డాలర్లు, తన వాటాలోంచే కట్టించాను. హాస్పిటల్ కోసం పాన్‌కేకులు వేసి అమ్మిన రాత్రి మాత్రం నాలుగు దాకా మేలుకుని చాలా సంతోషంగా ఫోన్ చేసింది. బిగ్ ఎవరో తేలే రోజు వారమంతా దాగుడుమూతలు, బుట్టలు. ఆ అమ్మాయి లబక్ దగ్గర పత్తి రైతు కూతురట. మా మామగారిది గుంటూరు పత్తి అని తెలిసి, తేమ ఎంత, రేటు ఎంత అని వీడియో కాల్లో ఆయన్ని గంటసేపు అడిగింది.

ఇప్పుడు అసలు సంగతి. దీపావళి 20న, సోమవారం. వీళ్ళ చాప్టర్ మీటింగూ సోమవారమే. సెలవు కోసం ఫారం నింపితే "మతపరమైన పండుగ" కింద ఒప్పుకున్నారు, కానీ మంగళవారం ల్యాబ్ ఉంది కాబట్టి శనివారమే ఇంటికొస్తోంది. బిగ్ కూడా వస్తోంది. ఆ అమ్మాయికి పల్లీలు పడవు, ఇన్హేలరు, ఇంజెక్షను పక్కనే పెట్టుకుంటుందట. పల్లీలు లేకుండా పులిహోర ఎలా?

కాకినాడ కాజా · 12 అక్టోబర్

జీడిపప్పు వేసెయ్యండి. అదొక సమస్యా అండీ?

హెచ్4 తల్లి · 12 అక్టోబర్

జీడిపప్పు కూడా పడుతుందో లేదో అడగండి ముందు! శనగపప్పు, మినప్పప్పు కాస్త ఎక్కువ వేయించి వేస్తే చాలు. నూనె సీసా మీద కూడా చదవండి, పల్లీ నూనె కాకుండా.

కరీంనగర్ పిల్ల · 12 అక్టోబర్

నువ్వుల పొడి ఏసుండ్రి అక్కా. అయ్యో ఆగుండ్రి, నువ్వులు గూడ కొందరికి పడయి. అడిగి చెప్పుండ్రి.

చుక్కలముగ్గు · 13 అక్టోబర్

అడిగాను. జీడిపప్పు, నువ్వులు రెండూ తింటుందట. మా వారు గరాజ్‌లోంచి పెద్ద మూకుడు దించుతున్నారు, ఇంకో ఇద్దరు కూడా వస్తున్నారని ఇప్పుడే మెసేజ్.